నల్లగొండ, పాలమూరు యువజన సంస్కృతి

ఉమ్మడి నల్లగొండ, మహబూబ్‌నగర్ (పాలమూరు) జిల్లాల యువత పాట, వేషం, చదువు, వలసల చుట్టూ అల్లుకున్న జీవనరీతి ఇది. ఇందులో మొదటి నుంచీ ముందున్నది పాట. 2016 అక్టోబరు 11న మొదలైన జిల్లాల పునర్విభజనతో ఈ రెండు జిల్లాల ప్రాంతం ప్రధానంగా ఎనిమిది జిల్లాల్లోకి చేరింది.

నేపథ్యం

తెలంగాణ సాయుధ పోరాట కాలంలో (1946–51) నల్లగొండ యువకులు దొరల వెట్టికి ఎదురుతిరిగి, పాటతో ఊళ్లను కదిలించారు. కవి సుద్దాల హనుమంతు గొల్లసుద్దుల వంటి జానపద రూపాలను ఇందుకు వాడుకున్నారు. పాలమూరులో కరువు యువతను వలస బాట పట్టించింది. గుంపు మేస్త్రి ఇచ్చే అడ్వాన్సుకు కట్టుబడి, జట్లు జట్లుగా దూరప్రాంతాల ప్రాజెక్టు పనులకు వెళ్లేవారు.

ఉద్యమ కాలం

2002 తరువాత ప్రత్యేక తెలంగాణ ఉద్యమంలో ధూంధాం అనే ఆటపాటల సభలు డప్పును, గజ్జెను మళ్లీ వేదికెక్కించాయి. పాలమూరులోని గౌరారానికి చెందిన కవి గోరటి వెంకన్న పాటలు విద్యార్థుల నోళ్లలో నానాయి. ఆయన కవితా సంపుటి ‘వల్లంకి తాళం’ 2021కి కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం పొందింది. ఇదే కాలంలో నల్లగొండలో మహాత్మాగాంధీ (2007), మహబూబ్‌నగర్‌లో పాలమూరు (2008) విశ్వవిద్యాలయాలు ఏర్పడ్డాయి. అయినా ప్రభుత్వ ఉద్యోగాల గ్రూప్స్ పరీక్షల కోసం హైదరాబాద్‌లోని అశోక్‌నగర్, దిల్‌సుఖ్‌నగర్ హాస్టళ్లకు పోవడం ఆగలేదు.

ఫోను తరం

2016లో జియో రాకతో డేటా చౌకై, యూట్యూబ్ ‘ఫోక్ సాంగ్’ ఊపందుకుంది. నాట్ల పాట, కలుపు పాట బాణీకి డీజే దరువు కలుపుతారు. బావ అడగడం, మరదలు ఎదురు జవాబివ్వడం దీని సాధారణ నడక. లంగావోణీలో ఆడే అమ్మాయి, చెరువుకట్ట, పైనుంచి తీసే డ్రోన్ షాటు దాదాపు తప్పనిసరి. పెండ్లి బరాత్‌లో ఇవే పాటలు మోగుతాయి. 2020 జూన్ 29న టిక్‌టాక్‌ను నిషేధించాక ఈ పాటలకు వేసే స్టెప్పులు రీల్స్‌లోకి మారాయి. పన్నెండు మెట్ల కిన్నెర వాయించే దర్శనం మొగులయ్య 2021లో ‘భీమ్లా నాయక్’ పాటతో కొత్త తరానికి చేరువయ్యారు; 2022లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది.

వేషంలో సినిమా ప్రభావం ఎక్కువ. పాలమూరులోని అచ్చంపేట మూలాలున్న నటుడు విజయ్ దేవరకొండ అభిమానులు తమను ‘రౌడీలు’ అని చెప్పుకుంటారు. పెండ్లిళ్లలో పోచంపల్లి ఇక్కత్ చొక్కాలూ కనిపిస్తాయి.

మార్పు

పొలం పాటకు కట్టినవారి పేరుండేది కాదు. ఇప్పటి పాట రచయిత, గాయని, డ్యాన్సర్, కెమెరామన్ పేర్లతో ఛానల్‌లో విడుదలవుతుంది. పోరాటంలో, ఉద్యమంలో జనాన్ని కూడగట్టిన బాణీ నేడు కొందరు యువకులకు ఉపాధి కూడా అయింది.