డేరాలోనే బడి: ఊరూరా తిరిగిన సురభి పిల్లల కథ

ఈ మధ్య ఫోన్ తెరిస్తే చాలు, ఉద్యోగం మానేసి, వ్యాన్ కొనుక్కుని, పిల్లల్ని ఎక్కించుకుని దేశమంతా తిరిగే ఫ్యామిలీల వీడియోలే. కింద కామెంట్లలో అందరూ అడిగేది ఒకటే: "మరి పిల్లల చదువో?" ఈ ప్రశ్న మన తెలుగు నేలకి కొత్తేం కాదండి. సురభి నాటక కుటుంబాలు తరతరాలుగా దీనితోనే బతికాయి. ఈ ఎపిసోడ్‌లో వాళ్ల కథ చూద్దాం.

1885లో కడప జిల్లా సురభి గ్రామంలో వనారస గోవిందరావు గారి ఆధ్వర్యంలో "కీచక వధ" నాటకం ఆడారు. సురభి పుట్టింది అక్కడే. వీళ్ల పూర్వీకులు మహారాష్ట్ర వైపు నుంచి వచ్చిన తోలుబొమ్మలాట కళాకారులు. ఇంట్లో మాట్లాడేది మరాఠీ యాస, స్టేజీ మీద పలికేది అచ్చ తెలుగు. అప్పట్లో ఆడవేషాలు కూడా మగవాళ్లే వేసేవారు. సురభిలో మాత్రం ఆడవాళ్లే వేశారు. అంటే అమ్మ, నాన్న, అత్త, మామ, పిల్లలు అందరూ ఒకే నాటకంలో ఉంటారన్నమాట. ఇల్లు, ఉద్యోగం, ప్రయాణం మూడూ ఒకటే.

ఇప్పుడు మన గోదావరి వైపు వద్దాం. కాటన్ దొర 1847లో మొదలుపెట్టిన ధవళేశ్వరం ఆనకట్ట 1852కి పూర్తయింది. కాలువలొచ్చాయి, వరి పండింది, కోతలయ్యాక జనం చేతిలో నాలుగు డబ్బులు ఆడాయి. 1900లో గోదావరి మీద హేవలాక్ రైలు వంతెన మొదలైంది. తెరలు, సామాన్లు, సంసారం అన్నీ మోసుకుని తిరిగే నాటక సమాజాలకి ఇంతకంటే ఏం కావాలి చెప్పండి? రాజమండ్రి లాంటి ఊళ్లు నాటకాల ఊళ్లుగా పేరు తెచ్చుకోవడం వెనుక ఈ నీళ్లు, ఈ పంట, ఈ రైలు కూడా ఉన్నాయి.

విచిత్రం ఏంటంటే, బడి కోసం పోరాటం జరిగిందీ ఇక్కడే. కందుకూరి వీరేశలింగం గారు 1874లో ధవళేశ్వరంలో ఆడపిల్లలకి బడి పెట్టారు. నాటకం ఆడించిందీ ఆయనే. 1880లో రాజమండ్రిలో తన విద్యార్థుల చేత "వ్యవహార ధర్మబోధిని" ఆడించారు. ఆయన దృష్టిలో చదువుకి ఒక చోటు కావాలి. మరి రెండు నెలలకో ఊరు మారే పిల్లకి ఆ చోటు ఎక్కడ?

సురభి పిల్లలకి ఆ చోటు డేరానే. చంటిపిల్లాడు బాలకృష్ణుడు, కాస్త ఎదిగితే లవుడో కుశుడో ప్రహ్లాదుడో. తెర పక్కన కూర్చుని రోజూ విని విని పద్యాలు నోటికొచ్చేవి. హార్మోనియం, రంగు పూత, తెర కట్టడం, మాయాబజార్‌లో గాల్లో ఎగిరే వస్తువుల వెనక ఉన్న తాళ్లు, కప్పీలు అన్నీ చేతిపనిగా వచ్చేవి. సురభి కమలాబాయి అలాంటి డేరాల్లోనే పెరిగి, 1932లో వచ్చిన తొలి తెలుగు టాకీ "భక్త ప్రహ్లాద"లో లీలావతిగా నటించారు. ఆ తరఫు నుంచి రేకందార్ నాగేశ్వరరావు గారికి 2013లో పద్మశ్రీ వచ్చింది.

కానీ ఇంకో వైపు కూడా చెప్పుకోవాలి. సినిమా వచ్చింది, తర్వాత టీవీ వచ్చింది, డేరాకి జనం తగ్గారు. చేతిలో ఎంత విద్య ఉన్నా కాగితం లేనివాడికి వేరే ఉద్యోగం దొరకడం కష్టం. తర్వాత చాలా కుటుంబాలు హైదరాబాద్ లింగంపల్లి దగ్గర సురభి కాలనీలో స్థిరపడ్డాయి. పిల్లలు పగలు బడికి, సాయంత్రం నాటకానికి. తిరుగుడు ఆగాకే బడి దగ్గరైంది.

మరి ఇవాళ తిరుగుతూనే చదివించాలంటే? విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. 6 నుంచి 14 ఏళ్ల పిల్లల్ని బడిలో చేర్పించడం తల్లిదండ్రుల బాధ్యత అంటుంది. హోమ్‌స్కూలింగ్ అనే మాట అందులో లేదు, చేర్పించని తల్లిదండ్రులకి శిక్షా రాయలేదు. అదే చట్టంలో ఊళ్లు మారేవాళ్లకి పనికొచ్చేవి ఉన్నాయి: టీసీ ఆలస్యమైందని ప్రభుత్వ బడి చేర్చుకోకుండా ఉండకూడదు, మధ్యలో ఆగిన పిల్లల్ని వయసుకి తగ్గ తరగతిలో చేర్చుకోవాలి. ఇటుక బట్టీలకి వలసపోయే కుటుంబాలకి ఇది ప్రాణం లాంటిది. పరీక్ష రాసి సర్టిఫికెట్ తెచ్చుకోవడానికి 1989లో మొదలైన జాతీయ సార్వత్రిక విద్యా సంస్థ ఉంది, మన రాష్ట్రంలో ఓపెన్ స్కూల్ ఉంది.

కాబట్టి వ్యాన్ కొనేముందు రెండు విషయాలు ఆలోచించండి. మీ పిల్లలు మీ పక్కన రోజూ చూసి నేర్చుకునే పని ఏదైనా ఉందా? రేపు వాళ్లు వేరే దారి ఎంచుకుంటే, దానికి కావలసిన కాగితం చేతిలో ఉంటుందా? సురభి పెద్దలు మొదటిది నిండుగా ఇచ్చారు. రెండోది ఇచ్చే వీలు వాళ్ల కాలంలో లేదు. మనకి ఉంది.

మీ ఊళ్లో సురభి నాటకం చూసిన తాతయ్యో అమ్మమ్మో ఉంటే, ఈ ఆదివారం కూర్చుని అడగండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం, ఉంటానండి!