కమోడోర్ 64: మందకొడి డ్రైవు, పాటల చిప్పు

1982 జనవరిలో లాస్ వేగాస్ ఎలక్ట్రానిక్స్ ప్రదర్శనలో కమోడోర్ కంపెనీ ఒక కొత్త ఇంటి కంప్యూటర్‌ను చూపించింది. 64 కిలోబైట్ల మెమరీ ఉండటంతో దానికి కమోడోర్ 64 అని పేరు పెట్టారు. ధర 595 డాలర్లు. మరుసటి ఏడు వచ్చిన ఆపిల్ 2ఇ ధర 1,395 డాలర్లు. ఈ రెండూ పక్కపక్కన పెడితే కమోడోర్ ఎంత తెగించిందో తెలుస్తుంది. ఆగస్టులో అమ్మకాలు మొదలయ్యాయి. ఏడాది తిరిగేసరికి ధర 200 డాలర్ల దగ్గరికి దిగింది. ఆ పోటీకి తట్టుకోలేక టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ 1983 అక్టోబరులో ఇంటి కంప్యూటర్ల వ్యాపారమే మానుకుంది. కంపెనీని నడిపిన జాక్ ట్రామియెల్ ఆష్విట్జ్ శిబిరం నుంచి బతికి బయటపడి, న్యూయార్క్‌లో టైప్‌రైటర్ల మరమ్మతుతో జీవితం మొదలుపెట్టినవాడు. చిప్పులు తయారుచేసే మాస్ టెక్నాలజీ సంస్థను 1976లోనే కొనేశాడు. చిప్పులు సొంత కర్మాగారంలోనే తయారవుతుంటే ధర తగ్గించడం తేలిక. ఈ యంత్రం పెట్టిన విసుగూ, దాని మీద పెరిగిన మమకారమూ ఒకే చోట పుట్టాయి: ఖర్చు తగ్గించాలన్న పట్టుదలలో, త్వరగా బజారుకు తేవాలన్న తొందరలో.

స్విచ్ వేయగానే నీలి తెర మీద, యంత్రంలోనే ఉండే ప్రోగ్రామింగ్ భాష బేసిక్‌కు 38,911 బైట్లు ఖాళీగా ఉన్నాయన్న మాట వస్తుంది, దాని కింద కర్సర్ మినుకుమంటుంది. ఎదురుచూడాల్సిన పని లేదు. ఆ క్షణం నుంచే ప్రోగ్రామ్ రాయవచ్చు. చిక్కల్లా బేసిక్‌తోనే. రంగులకు, బొమ్మలకు, శబ్దానికి అందులో ఒక్క ఆదేశమూ లేదు. తెర అంచును నల్లగా మార్చాలంటే 53280 అనే మెమరీ స్థానంలో సున్నాను పోక్ ఆదేశంతో పెట్టాలి. అయితే ఈ లోటు చాలామందికి చదువు చెప్పింది. ఏ అంకె ఏ చిప్పును కదిలిస్తుందో పట్టికలు చూసి నేర్చుకున్న పిల్లలు యంత్రం లోపలి నిర్మాణాన్నే నేర్చుకున్నారు. కంప్యూట్స్ గెజెట్ వంటి పత్రికలు పేజీల కొద్దీ అంకెల్ని ప్రోగ్రాములుగా అచ్చువేసేవి. పాఠకులు వాటిని సాయంత్రాలు కూర్చుని ఒక్కొక్కటిగా టైప్ చేసేవారు. ఒక్క అంకె తప్పినా ప్రోగ్రామ్ నడవదు. అందుకే వరుస వరుసకూ తప్పు పట్టుకునే చిన్న ప్రోగ్రామ్‌ను కూడా పత్రికే ఇచ్చేది. ఇంకో బాధ మరీ క్రూరమైనది. డిస్కులో ఏమేం ఉన్నాయో చూడాలంటే ఆ జాబితాను కూడా ప్రోగ్రామ్‌లాగే లోడ్ చేయాలి. అప్పటిదాకా మెమరీలో ఉన్న పని కాస్తా దాని కింద తుడిచిపెట్టుకుపోతుంది. దాచుకోవడం మరిచిపోతే మళ్లీ మొదటినుంచీ రాసుకోవలసిందే.

యూరప్‌లో, ముఖ్యంగా బ్రిటన్‌లో, డిస్క్ డ్రైవు కొనే స్తోమత అందరికీ లేకపోవడంతో క్యాసెట్ టేపే దిక్కయింది. మామూలు పద్ధతిలో టేపు సెకనుకు దాదాపు 50 బైట్లే అందిస్తుంది కాబట్టి పెద్ద ఆటకు పది నిమిషాలు పట్టడం వింత కాదు. చివర్లో ఎర్రర్ వస్తే టేపు వెనక్కి తిప్పి మళ్లీ మొదలుపెట్టాలి. టేపును చదివే హెడ్డు కాస్త పక్కకు ఒరిగినా చదవదు; చిన్న స్క్రూడ్రైవర్‌తో సరిచేసుకోవడం ఇళ్లలో మామూలు పనైపోయింది. ఆటల కంపెనీలు సొంతంగా వేగపు లోడర్లు రాసుకున్నాయి. ఆ నిరీక్షణలో వినడానికి మార్టిన్ గాల్వే వంటివారు ప్రత్యేకంగా సంగీతం కూర్చారు. ఆటకన్నా ఆ లోడింగ్ పాటే బాగా గుర్తుండిపోయినవారు ఎందరో.

డిస్క్ డ్రైవు కథ ఇంకా విచిత్రం. 1541 అనే ఆ డ్రైవులో ఒక డిస్కు వైపు 170 కిలోబైట్లు పట్టేవి, సమాచారం మాత్రం సెకనుకు సుమారు 400 బైట్ల చొప్పునే కదిలేది. మూలం అంతకుముందు వచ్చిన విక్-20 కంప్యూటర్‌లో ఉంది. బిట్లను వరుసగా పంపే పనికి అందులో ఎంచుకున్న చిప్పులో లోపం బయటపడింది. దాంతో ఇంజినీర్లు ఆ పనిని సాఫ్ట్‌వేర్‌కు అప్పగించారు, వేగం పడిపోయింది. కమోడోర్ 64లోని కొత్త చిప్పులో ఆ లోపం లేదు. అయినా పాత పరికరాలతో పొసగాలని నెమ్మది పద్ధతినే ఉంచారు. దానికితోడు తెరను గీసే చిప్పు మధ్యమధ్య ప్రాసెసర్‌ను ఆపేస్తుంది. ఆ ఆటంకాన్ని తట్టుకోవడానికి వేగాన్ని ఇంకా తగ్గించాల్సి వచ్చింది. డ్రైవులో హెడ్డు మొదటి ట్రాక్‌కు చేరిందో లేదో చెప్పే సెన్సర్ కూడా లేదు. ఫార్మాట్ చేసేటప్పుడూ, చదవడంలో తప్పు వచ్చినప్పుడూ హెడ్డు వెనక్కి వెళ్లి అడ్డుకమ్మీకి టకటకా కొట్టుకుంటుంది. కాపీని అడ్డుకోవడానికి ఆటల డిస్కుల మీద కావాలనే తప్పులు పెట్టిన రోజుల్లో ఈ దెబ్బలు మరీ ఎక్కువై హెడ్డు గతి తప్పేది.

ఇంత మందకొడి డ్రైవుకు విరుగుడు కూడా దాని పొట్టలోనే ఉంది. 1541లో సొంత 6502 ప్రాసెసర్, 2 కిలోబైట్ల మెమరీ ఉన్నాయి. అంటే అది కూడా ఒక కంప్యూటరే. ప్రోగ్రామర్లు అందులోకి తమ కోడ్ పంపి, రెండు వైపులా కొత్త పద్ధతిలో మాట్లాడుకునేలా చేశారు. 1984లో వచ్చిన ఎపిక్స్ ఫాస్ట్‌లోడ్ కార్ట్రిడ్జ్ లోడింగ్‌ను దాదాపు ఐదు రెట్లు వేగవంతం చేసింది. కంపెనీ వదిలేసిన సమస్యను వాడుకరులూ చిన్న సంస్థలూ పరిష్కరించడం ఈ యంత్రం చరిత్రలో అన్నిటికన్నా మెచ్చదగిన ఘట్టం.

శబ్దం సంగతి వేరు. బాబ్ యానెస్ రూపొందించిన సిడ్ చిప్పు నిజానికి ఒక చిన్న సింథసైజర్: మూడు గొంతులు, నాలుగు రకాల తరంగాలు, ఒక ఫిల్టర్. అనలాగ్ ఫిల్టర్ కావడంతో ఒక్కో చిప్పు ఒక్కో రకంగా పలుకుతుంది. ఒకే పాట రెండు యంత్రాల మీద ఒకేలా వినిపించదు. వాల్యూమ్ మార్చిన ప్రతిసారీ టక్‌మనే లోపం కూడా ఉంది. ఆ టక్కునే వేగంగా వాడి రికార్డు చేసిన డోలు శబ్దాలనూ మాటలనూ పలికించారు. తరువాతి 8580 చిప్పులో ఆ లోపాన్ని సరిచేశారు. ఫలితంగా పాత పాటల్లోని డోలు శబ్దాలు అందులో వినపడీ వినపడనట్టు అయిపోయాయి. మూడు గొంతుల్నీ స్వరసమూహానికే వాడేస్తే మిగతా పాటకు ఏదీ మిగలదు కాబట్టి రాబ్ హబ్బర్డ్ వంటి స్వరకర్తలు స్వరాలను చకచకా ఒకదాని తర్వాత ఒకటి పలికించి, అన్నీ కలిసి వినిపించినట్టు భ్రమ కల్పించారు. ఆ గలగల ధ్వని ఒక కాలపు సంగీత లక్షణమైంది. ఈ చిప్పు కోసం కూర్చిన పాటల్ని అభిమానులు హై వోల్టేజ్ సిడ్ కలెక్షన్ పేరుతో భద్రపరిచారు. యాభై వేలకు పైగా ఉన్నాయి.

బొమ్మల చిప్పుకూ ఇదే పాఠం వర్తిస్తుంది. తెర చుట్టూ ఉండే అంచులో ఏదీ గీయడానికి వీల్లేదన్నది నియమం. సరిగ్గా ఫలానా గీత దగ్గర 25 వరుసల తెరను 24కు మారిస్తే చిప్పు అంచును మూయడం మరిచిపోతుందని ఎవరో కనిపెట్టారు. అప్పటినుంచీ స్ప్రైట్లు అనే కదిలే చిన్న బొమ్మలు అంచుల్లోకీ నడిచాయి. ఇలాంటి విద్యలను ప్రదర్శించే డెమోలు యూరప్ యువకుల్లో ఒక కళగా పెరిగాయి. 2020లో ఫిన్లాండ్ ఈ డెమోసీన్‌ను తన సజీవ వారసత్వ జాబితాలో చేర్చింది.

1994 ఏప్రిల్‌లో కమోడోర్ మూతపడింది. అప్పటికి కోటీ ఇరవై లక్షలకు పైగా కమోడోర్ 64లు అమ్ముడయ్యాయి. ఇప్పుడు వాటిని నడిపేవారికి మొదటి శత్రువు పాత పవర్ సప్లై. లోపలంతా ఎపాక్సీ పోసి మూసేసిన దిమ్మె అది, విప్పి బాగుచేయడం కష్టం. అందులోని రెగ్యులేటర్ చెడితే 5 వోల్టులు దాటిన కరెంటు వెళ్లి మెమరీ చిప్పుల్ని కాల్చేస్తుంది. అందుకే తెలిసినవారు కొత్త సప్లై లేనిదే స్విచ్ వేయరు. పిఎల్‌ఎ అనే చిప్పు కూడా తరచూ పోతుంది. పిక్చర్ ట్యూబ్ టీవీల కోసం చేసిన లైట్‌గన్ ఎల్‌సీడీ తెర మీద పనిచేయదు. యూరప్ యంత్రాల కోసం రాసిన ఆటల సంగీతం అమెరికా యంత్రం మీద దాదాపు ఐదో వంతు ఎక్కువ వేగంగా పరుగెడుతుంది, ఎందుకంటే అక్కడ తెర సెకనుకు 50 సార్లు కాక 60 సార్లు గీయబడుతుంది.

ఫ్లాపీల బదులు ఎస్‌డీ కార్డు పెట్టుకునే చవక పరికరాలు వచ్చాయి. మామూలు ఆటలకు అవి చాలు. డ్రైవు ప్రాసెసర్‌కు సొంత కోడ్ పంపే డెమోలు, కొన్ని ఆటలు మాత్రం వాటి మీద నడవవు. అలాంటివాటికి 1541ను పూర్తిగా అనుకరించే పరికరమైనా కొనాలి, అసలు డ్రైవునైనా శుభ్రం చేసి, హెడ్డు సరిచేసి వాడుకోవాలి.