రోమా 13వ అధ్యాయము - బోస్టన్ ప్రసంగ వేదిక

రోమా పత్రిక 13వ అధ్యాయములోని మొదటి ఏడు వచనములను ప్రసంగించవలసి వచ్చినప్పుడు మనము సాధారణంగా 'లోబడుట' అనే మాటతో మొదలుపెట్టి దానితోనే ముగిస్తాము. అమెరికాలోని బ్రిటిష్ వలసలలో ఇదే వాక్యభాగము ప్రతిఘటనకు ఆధారమైనది. అది ఎలా జరిగినదో చూద్దాము.

ఇంగ్లాండు రాజైన మొదటి చార్లెస్‌కు 1649 జనవరి 30న శిరచ్ఛేదనము జరిగినది. ఆంగ్లికన్ సంఘము ఆయనను హతసాక్షిగా ఎంచి ప్రతి సంవత్సరము ఆ దినమును ఆచరించేది. రాజు ఎంత దుష్టుడైనా ఎదిరించుట పాపమే అన్నది ఆనాటి ప్రసంగముల సారాంశము. 1750లో ఆ సందర్భముననే బోస్టన్ వెస్ట్ చర్చి కాపరి జోనాథన్ మేహ్యూ ఆ బోధను ఖండించాడు. అప్పటికి ఆయన వయస్సు 29 సంవత్సరములు.

మేహ్యూ వాక్యమును పక్కన పెట్టలేదు. పౌలు ఆజ్ఞతోపాటు దానికి చూపిన కారణమును పట్టుకున్నాడు. అధికారి మన మేలు కొరకు దేవుని పరిచారకుడు గనుక లోబడవలెను. కీడు చేయుటయే పనిగా పెట్టుకున్నవాడు ఆ వర్ణనలో ఇమడడు. కాబట్టి ఆ ఆజ్ఞ అతనికి వర్తించదు. పిల్లలు తండ్రికి లోబడవలసినదే, కాని తండ్రికి మతి చలించి బిడ్డల గొంతు కోయబోతే చూస్తూ ఊరకుండవలెనా అని ఆయన అడిగాడు. ప్రాణము, స్వేచ్ఛ, ఆస్తి మానవుని సహజ హక్కులని, వాటిని కాపాడుటకే ప్రభుత్వమున్నదని జాన్ లాక్ 1689లోనే వాదించాడు. మేహ్యూ ఆ తలంపును వాక్య వ్యాఖ్యానముతో కలిపాడు.

మరి పౌలు ఈ పత్రికను నీరో కాలములో వ్రాశాడు గదా? ఏ ప్రభుత్వమునకూ లోబడనక్కరలేదని తలంచిన కొందరు విశ్వాసులను సరిదిద్దుటకు పౌలు ఇలా వ్రాశాడని మేహ్యూ జవాబు. ఇది మనలను పూర్తిగా ఒప్పించదు. అయితే పాలకుని ప్రతి చిన్న తప్పుకు తిరుగబడమని ఆయన చెప్పలేదు; అప్పటి రాజైన రెండవ జార్జికి విధేయులై యుండుమనియే బోధించాడు.

పరీక్ష 1765లో వచ్చినది. వలసల ప్రజల సమ్మతి లేకుండ బ్రిటిష్ పార్లమెంటు స్టాంపు పన్ను విధించినది. ఆగస్టు 25, ఆదివారమున మేహ్యూ గలతీ పత్రిక 5వ అధ్యాయము నుండి స్వాతంత్ర్యమును గూర్చి ప్రసంగించాడు. మరునాటి రాత్రి అల్లరిమూక లెఫ్టినెంట్ గవర్నర్ థామస్ హచిన్సన్ ఇంటిని ధ్వంసము చేసినది. తన ప్రసంగమే వారిని రెచ్చగొట్టినదన్న నింద రాగా, మేహ్యూ ఎంతో దుఃఖముతో హచిన్సన్‌కు ఉత్తరము వ్రాశాడు. స్వాతంత్ర్యమును శరీరక్రియలకు హేతువు చేసికొనవద్దన్న హెచ్చరిక ఆయన ఎన్నుకున్న వాక్యములోనే ఉన్నది. వినేవారు అందులో సగమే ఇంటికి తీసుకొనిపోయినట్లున్నారు. కాపరులమైన మనకు ఇది తెలియని అనుభవము కాదు.

సమ్మతి లేని పన్నును 'దాస్యము' అని పిలిచిన ఆ బోస్టన్‌లోనే అనేక ఇండ్లలో నిజమైన బానిసలు ఉన్నారు. ఈ వైరుధ్యమును సూటిగా చూపినవాడు లెమ్యూల్ హేన్స్. ఆఫ్రికా సంతతివాడైన తండ్రికి, తెల్లజాతి తల్లికి 1753లో జన్మించి, 21 ఏండ్ల వరకు ఒక ఇంటిలో ఒప్పంద సేవకుడుగా పనిచేశాడు. 1776లో, స్వాతంత్ర్య ప్రకటన వెలువడిన సంవత్సరముననే, ఒక వ్యాసము వ్రాశాడు. దేవుడు సమస్త జనములను ఒక్క రక్తమునుండి సృజించాడన్న అపొస్తలుల కార్యములు 17వ అధ్యాయమును ఆధారము చేసికొని, సహజ హక్కు తెల్లవారికి ఎంత దైవదత్తమో నల్లవారికీ అంతేనని వాదించాడు. 1785లో ఆయన అభిషిక్త కాపరి అయ్యాడు. ఆ వ్యాసము మాత్రము ఆయన జీవితకాలములో అచ్చు కాలేదు. వ్రాతప్రతిగానే మిగిలి, 207 సంవత్సరముల తరువాత 1983లో వెలుగు చూసినది.