డిసెంబర్ 16, 17: ఒకే యుద్ధం, రెండు ముగింపులు

1971 యుద్ధం అనగానే ఢాకా రేస్‌కోర్సు మైదానంలో బల్ల ముందు కూర్చుని లెఫ్టినెంట్ జనరల్ నియాజీ సంతకం పెడుతున్న ఫొటో గుర్తొస్తుంది. పక్కనే లెఫ్టినెంట్ జనరల్ జగ్‌జీత్ సింగ్ అరోరా ఉంటారు. అయితే ఆ డిసెంబర్ 16 సంతకంతో యుద్ధం మొత్తం ఆగలేదు. అది తూర్పు రంగానికి మాత్రమే వర్తించే లొంగుబాటు పత్రం. పశ్చిమాన పంజాబ్, రాజస్థాన్, కశ్మీర్ సరిహద్దుల్లో కాల్పులు ఆగింది మర్నాడు, డిసెంబర్ 17 రాత్రి 8 గంటలకు. దానికి సంతకాలు లేవు. ఇందిరాగాంధీ ఏకపక్షంగా కాల్పుల విరమణ ప్రకటించారు, పాక్ అధ్యక్షుడు యాహ్యాఖాన్ అంగీకరించారు.

అసలు పేచీ అంతా ఈ రెండు మాటల మధ్యే నడిచింది. డిసెంబర్ 14న ఢాకాలో గవర్నర్ భవనంపై భారత విమానాలు దాడి చేశాయి, గవర్నర్ మాలిక్ రాజీనామా చేశారు. నియాజీ అమెరికా కాన్సులేట్ ద్వారా పంపిన అభ్యర్థన కాల్పుల విరమణకే. లొంగుబాటు తప్ప మరొకటి కుదరదని మానెక్‌షా జవాబిచ్చారు. 16వ తేదీన ముసాయిదాతో ఢాకా వెళ్లిన మేజర్ జనరల్ జాకబ్ తర్వాత రాసిన దాని ప్రకారం, అది చదివి వినిపించేదాకా తాము కాల్పుల విరమణ షరతులే మాట్లాడుకుంటున్నామని నియాజీ భావించారు. కాల్పుల విరమణ అయితే సైన్యం ఆయుధాలతో తన చోటే ఉంటుంది. లొంగుబాటు అయితే యుద్ధ ఖైదీ అవుతుంది. పౌరులతో కలిపి 93 వేల మంది పట్టుబడ్డారని చెప్పే లెక్కకు మూలం ఈ తేడాయే.

అప్పటికే భద్రతామండలిలో వచ్చిన కాల్పుల విరమణ తీర్మానాలను సోవియట్ యూనియన్ వీటోలతో ఆపింది. ముందే ఆగి ఉంటే ఢాకా పాకిస్తాన్ చేతుల్లోనే మిగిలేది. కాల్పుల విరమణ ఎప్పుడూ శాంతి పక్షమే అనుకునేవారు ఈ ఘట్టాన్ని ఒకసారి చూడాలి.

సంతకంతో తూర్పున హింస పూర్తిగా ఆగిందా అంటే అదీ లేదు. ఢాకా శివార్లలోని మీర్‌పూర్‌లో సాయుధ ముఠాలు 1972 జనవరి చివరిదాకా పట్టు నిలుపుకున్నాయి. సినీ దర్శకుడు జహీర్ రైహాన్ అక్కడే అదృశ్యమయ్యారు.

పశ్చిమాన మిగిలింది ఒక గీత. 1972 జులై 2 నాటి సిమ్లా ఒప్పందం, జమ్మూకశ్మీర్‌లో 1971 డిసెంబర్ 17 కాల్పుల విరమణతో ఏర్పడిన నియంత్రణ రేఖను ఇరుపక్షాలూ గౌరవించాలంది. నేటి ఎల్‌ఓసీ అదే. లద్దాఖ్‌లోని తుర్‌తుక్ గ్రామం ఆ రోజుల్లోనే భారత్ చేతికి వచ్చి, ఇక్కడే ఉండిపోయింది. సగం బంధుత్వాలు గీతకు అవతల మిగిలిపోయాయి.

స్మరణ విషయంలో మాత్రం 16వ తేదీయే గెలిచింది. 17ను ఎవరూ పండుగ చేసుకోరు. మనకు అది విజయ్ దివస్, బంగ్లాదేశ్‌కు విజయ దినం, పాకిస్తాన్‌కు ‘ఢాకా పతనం’. అక్కడ 2014లో అదే తేదీన పెషావర్ సైనిక పాఠశాలపై ఉగ్రదాడి జరిగి మరో గాయం తోడైంది. ఇండియా గేట్ దగ్గర అమర్ జవాన్ జ్యోతి 1972 జనవరి 26న వెలిగింది. 2022 జనవరిలో దాన్ని జాతీయ యుద్ధ స్మారకంలోని జ్యోతిలో కలిపారు, అప్పట్లో పెద్ద చర్చే నడిచింది.

తెలుగువారికి విశాఖ ఆర్కే బీచ్‌లోని ‘విక్టరీ ఎట్ సీ’ స్తూపం తెలిసిందే. 1971 డిసెంబర్ 3–4 రాత్రి పాక్ జలాంతర్గామి ఘాజీ విశాఖ తీరానికి దగ్గర్లో మునిగింది. ఐఎన్‌ఎస్ రాజ్‌పుత్ ముంచిందని మన నౌకాదళం, ప్రమాదవశాత్తూ పేలిందని పాకిస్తాన్ చెబుతాయి. ఏటా డిసెంబర్ 4న జరుపుకునే నేవీ డే మాత్రం ఘాజీ కోసం కాదు, కరాచీ రేవుపై జరిపిన క్షిపణి దాడి జ్ఞాపకార్థం.

గెలుపు ఎవరిదన్న తగాదా ఇప్పటికీ తీరలేదు. లొంగుబాటు పత్రంలో అరోరా హోదా ‘భారత, బంగ్లాదేశ్ బలగాల’ అధిపతి. అయినా ముక్తివాహిని సేనాని ఉస్మానీ ఆ కార్యక్రమంలో లేరు, ఆ పక్షాన హాజరైంది గ్రూప్ కెప్టెన్ ఖండ్‌కర్. 2024 విజయ్ దివస్ నాడు ప్రధాని మోదీ పెట్టిన పోస్టులో బంగ్లాదేశ్ పేరు లేదంటూ అక్కడి తాత్కాలిక ప్రభుత్వ న్యాయ సలహాదారు ఆసిఫ్ నజ్రుల్ బహిరంగంగా నిరసన తెలిపారు. అదే రోజు కోల్‌కతా ఫోర్ట్ విలియంలో మాత్రం ఎప్పట్లాగే ముక్తియోధులు అతిథులుగా కూర్చున్నారు.