ఉపసేనాని ధర్మము

యుద్ధమున గెలిచిన రాజు పేరు శాసనముల కెక్కును. ఆ గెలుపు తెచ్చిన సేనాని పేరు కావ్యముల కెక్కును. సేనాని వెనుక నిలిచి, అతడు లేనినాడు అతని బరువు మోయవలసిన రెండవవాని పేరు మాత్రము తరచు ఎక్కడను కానరాదు. అయినను సైన్యమునకు ఆయువుపట్టు అతడే.

నేటి భారతసైన్యమున పదాతి పటాలమునకు కర్నలు హోదాగల అధికారి నాయకుడు. అతని క్రింద ఒక ద్వితీయాధికారి ఉండును. బ్రిగేడియరు క్రింద డిప్యూటీ కమాండరు ఉండును. శిక్షణ, సరఫరా, దైనందిన పరిపాలన చాలవరకు ఈ రెండవవాని చేతిమీదుగానే సాగును. నాయకుని ఆలోచన అంతయు అతనికి తెలిసియుండవలెను. కాని తుది ఆజ్ఞ అతనిది కాదు. నాయకుడు కూలిన క్షణమున మాత్రము ఆ ఆజ్ఞ అతనిదే. 1916లో సోమ్ నదీతీరమున జరిగిన ఘోరరణము తరువాత బ్రిటిషు సైన్యమున ఒక కట్టుబాటు గట్టిపడెను. పటాలము దాడికి పోవునపుడు నాయకుడును ద్వితీయాధికారియు ఇద్దరును ఒకేసారి ముందుకు పోరాదు. ఒకరు వెనుక నిలువవలెను. ఆ నిలుచుట పిరికితనము కాదు, విధి.

ఈ విధి ఎంత విలువైనదో మన ఓరుగల్లు ఎనిమిది శతాబ్దముల క్రిందటనే అనుభవించి తెలిసికొన్నది.

కాకతీయ శాసనములలో దండనాయకులు, సాహిణులు, లెంకలు కనిపింతురు. సాహిణి అనగా గుఱ్ఱపు దళమునకో, ఏనుగుల దళమునకో అధిపతి. నృత్తరత్నావళి రచించిన జాయపసేనాని గణపతిదేవునికి గజసాహిణి. లెంకయో, స్వామితోపాటు ప్రాణము విడుతునని ప్రతిన పూనిన భటుడు. వీరందరిపైని రాజే మహాసేనాని. తానే స్వయముగా రణమునకు నడచువాడు. కావున రాజు క్రింది సేనాని నేటి మాటలో ఉపసేనాని అనదగినవాడు.

హనుమకొండలో వేయిస్తంభాల గుడి కట్టించిన రుద్రదేవుడు 1195లో దేవగిరి యాదవులతోడి యుద్ధమున మరణించెను. తమ్ముడు మహాదేవుడు రాజయ్యెను. మూడేండ్లు గడచెనో లేదో అతడును దేవగిరిపైకి దండెత్తి అక్కడనే కూలెను. కుమారుడు గణపతిదేవుడు శత్రువులకు బందీ అయ్యెను. సింహాసనము శూన్యము. వారసుడు చెఱలో. చుట్టును అదను కొఱకు చూచు మండలాధిపతులు. ఇట్టి సమయమున రాజ్యము ముక్కలగుటకు కొన్ని వారములు చాలును.

అప్పుడు నిలిచినవాడు రేచర్ల రుద్రుడు. తరతరములుగా కాకతీయులకు సేనానుల నిచ్చిన వంశమువాడు. తిరుగబడిన నాగతి మొదలైనవారిని అతడు తఱిమికొట్టిన సంగతి పాలంపేట శాసనము చెప్పుచున్నది. ఆ కాలమున సైన్యము అతని మాట వినెను. కోటయు అతని చేతిలో నుండెను. అతడు కోరినచో కిరీటము తలకెక్కించుకొనుటకు అడ్డుపడగలవారెవరు? లోకచరిత్రలో అట్లు చేసిన సేనానులకు కొదవ లేదు. రుద్రుడు ఆ పని చేయలేదు. యాదవరాజు జైతుగి గణపతిదేవుని విడిచిపుచ్చగా, 1199 నాటికి అతడు రాజ్యమేలుచుండెను. విడుదల జైతుగి దయ కావచ్చును. కాని తిరిగివచ్చిన యువరాజునకు ఏలుకొనుటకు ఒక రాజ్యము మిగిలియుండుట రుద్రుని చలువ.

రుద్రునకు 'కాకతిరాజ్యభారధౌరేయుడు' అను బిరుదు కలదు. ధౌరేయమనగా కాడి మోయు ఎద్దు. కాడి మోయుటయే దాని పని. పండిన పంట దానిది కాదు. ఆ బిరుదమునకు ఇంతకంటె వ్యాఖ్య అక్కఱలేదు.

ఇక మఱియొక సేనానిని చూతము. నల్లగొండ ప్రాంతమున చందుపట్ల శాసనము 1289 నాటిది. రుద్రమదేవియు, ఆమె సేనలను నడపిన మల్లికార్జుననాయకుడును శివలోకమున కేగిరని, వారి పుణ్యమునకై నాయకుని సేవకుడు భూదానము చేసెనని అందున్నది. కాయస్థ అంబదేవునితో జరిగిన పోరులో ఇద్దరును కూలిరని చరిత్రకారుల ఊహ. స్వామితో కలిసి మరణించిన ఆ నాయకుని శౌర్యమునకు నమస్కరింపవలసినదే. అయితే ఆనాడు ఓరుగల్లున వారసుడు ప్రతాపరుద్రుడు సిద్ధముగా నుండెను. రెండేండ్లలో, 1291 నాటికి, కాకతీయ సేనలు త్రిపురాంతకమును తిరిగి చేజిక్కించుకొనెను. మహాదేవుడు కూలిననాడు అట్టి వారసుడు ఇంట లేడు. రుద్రుడును దేవగిరి క్రింద ప్రాణమిచ్చియున్నచో గణపతిదేవుని అఱువదేండ్ల పాలన లేదు, రుద్రమ లేదు, ఓరుగంటి రాతికోట లేదు.

కావున లెంక ధర్మము వేఱు, ఉపసేనాని ధర్మము వేఱు. లెంక స్వామితో మరణించి ఋణము తీర్చుకొనును. ఉపసేనాని స్వామి తరువాత బ్రతికి తీర్చవలెను. అందులోను కష్టతరమైన భాగము అధికారమును చేపట్టుట కాదు. వేళ వచ్చినప్పుడు దానిని తిరిగి అప్పగించుట.

రుద్రుడు 1213లో పాలంపేటలో శివాలయము కట్టించి, దేవునికి రుద్రేశ్వరుడని తన పేరు పెట్టుకొనెను. కాలక్రమమున జనము ఆ పేరు మఱచి, శిల్పిదని చెప్పుకొను పేరుతో దానిని రామప్ప గుడి అనిరి. 2021లో ప్రపంచ వారసత్వ స్థలముల పట్టికలో చేర్చినపుడు 'కాకతీయ రుద్రేశ్వర ఆలయము' అను పేరు మరల వెలుగులోనికి వచ్చినది. ఈసారి రామప్పకు పోయినప్పుడు శిల్పముల అందము చూచి మఱలి రాకుడు. అక్కడి శాసనము ముందు ఒక్క నిమిషము నిలువుడు. సింహాసనము చేతికందియు దానిపై కూర్చుండని ఒక మనుష్యుని కథ ఆ రాతిమీద ఉన్నది.