గోడ అవతల దగ్గు

జోరున వాన. పాత కోట వెనక గోడకు ఆనుకుని నలుగురు నక్కి ఉన్నారు. లోపల ఎక్కడో దీపం వెలుగుతోంది, కాపలావాడు దగ్గుతున్నాడు. ‘ఏం చేస్తారు?’ కథ నడిపించే గేమ్ మాస్టర్ పోస్ట్ అక్కడితో ఆగింది. ఆ నలుగురిలో మీరొకరు.

బొమ్మలు లేవు, చప్పుళ్లు లేవు. ఉన్నవన్నీ అక్షరాలే: ఒక్కొక్కరు ఒక్కో పాత్రగా ఆన్‌లైన్‌లో పోస్టులు రాస్తూ కలిసి కథ నడిపే ఆట ఇది. ఈ ఆటకు మూలం గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ రూపొందించగా 1974లో అమెరికాలో అచ్చయిన డంజన్స్ అండ్ డ్రాగన్స్. అది బల్ల చుట్టూ కూర్చుని ఆడేది. ఒకచోట చేరలేనివాళ్లు దాన్ని ఇలా పోస్టుల్లోకి తెచ్చుకున్నారు. మీరు రాత్రి రాసి పడుకుంటారు, ఎక్కడో అప్పుడే తెల్లారినవాళ్లు చదివి జవాబు రాస్తారు. బల్ల దగ్గర ఒక్క పూటలో తేలిపోయే కథ ఇక్కడ నెలలు నడుస్తుంది.

చేరేముందు మాస్టర్ పెట్టిన ప్రకటన మొత్తం చదివారు: ఏ నియమాలతో ఆడతారు, రోజుకో పోస్టా వారానికి రెండా, ఏ విషయాలు కథలోకి రాకూడదు. ఈ ఆటకు కావలసిన మూల నియమాలు 2023లో క్రియేటివ్ కామన్స్ లైసెన్స్ కింద ఉచితంగా వచ్చాయి కాబట్టి పుస్తకం కొనక్కర్లేదు. ఎక్కువ ఆటలు ఇంగ్లీషులోనే జరుగుతాయి. నలుగురు కుదిరితే తెలుగుకు అడ్డేముంది? ఇది తెలుగు ఆటే.

మీ పాత్ర నీలి, దొంగ. చురుకుదనం 16, అంటే చురుకుదనంతో చేసే ప్రతి ప్రయత్నానికీ 3 కలుస్తుంది. చప్పుడు కాకుండా కదలడంలో తర్ఫీదు ఉంది కనుక ఇంకో 2. పూర్వకథ ఆరు వాక్యాలే రాశారు. మంచి పని చేశారు. పేజీలకు పేజీలు చదివే ఓపిక ఏ మాస్టర్‌కీ ఉండదు. పైగా ‘అన్న ఎటు పోయాడో తెలీదు’ అని ఒక ముడి విప్పకుండా వదిలారు. అది మాస్టర్‌కు పనికొస్తుంది.

ఇప్పుడు మీ వంతు. చకచకా టైప్ చేస్తారు: ‘నీలి గోడ దూకి కాపలావాణ్ని పడగొట్టింది. అది చూసి మల్లన్న నోరెళ్లబెట్టాడు.’

ఆగండి. పంపకండి. వాడు పడతాడో లేదో డైస్ చెప్పాలి. మల్లన్న నోరు మల్లన్నను ఆడించేవాళ్లది. ఇతరుల వంతు కూడా తామే రాసేసే ఈ అలవాటు కొత్తవాళ్లను ఆటలోంచి పంపేయగలదు. చెరిపేసి మళ్లీ రాయండి.

‘నీలి చెప్పులు విప్పి నడుముకు దోపుకుంది. తడిగోడ మీద వేళ్లతో రాళ్ల సందులు వెతికింది. కాపలావాడు మళ్లీ దగ్గేదాకా ఆగి, ఆ చప్పుడులో పైకి పాకింది. “మల్లన్నా, వాడిటు తిరిగితే చెప్పు.”’

ఇదీ పోస్టంటే. మీరు చేసేది మాత్రమే ఉంది, పక్కవాడికి ఒక పని మిగిలింది. బుర్రకథలో కథకుడు వదిలిన చోట వంత అందుకున్నట్టు ఇంకొకరు అందుకోవాలి. కింద బటన్ నొక్కితే ఇరవై ముఖాల డైస్ దొర్లుతుంది. 9 పడింది. మీ 5 కలిపితే 14. కావలసింది 15.

పొద్దున్నే ఫోన్ తెరుస్తారు. మాస్టర్ రాశారు: గోడలోంచి రాయి ఊడింది. దగ్గు ఆగింది. ‘ఎవర్రా అది?’ దాని కిందే మల్లన్న పోస్ట్. అతను తన కాలికున్న కంచు కడియం తీసి దూరంగా బావిలోకి విసిరాడట. ఆ కడియం అతని తల్లిదని అతని పూర్వకథలో చదివారు మీరు. మొత్తం 15 వచ్చి ఉంటే ఈ వాక్యం పుట్టేదే కాదు. ఒక్క అంకె తక్కువైనందుకు కథకు ఎంత దక్కిందో చూడండి! ఓటమిని ఇష్టంగా రాయగలిగినవాళ్లే ఇక్కడ మంచి ఆటగాళ్లు.

నాలుగో పాత్ర మాత్రం గోడ పక్కనే అలా నిలబడి ఉంది. దాన్ని ఆడించేవారు చెప్పాపెట్టకుండా మాయమయ్యారు. ఇలాంటి ఆటలు ఎక్కువగా ఆగిపోయేది రాక్షసుల వల్ల కాదు, ఈ మౌనం వల్లే. ముగ్గురు మీకోసం కాచుకుని ఉంటారు. పరీక్షలో, పెళ్లో, ప్రయాణమో అడ్డొస్తే ఒక్క ముక్క రాసి వెళ్లండి: ‘వారం దాకా రాలేను, అంతవరకు నీలిని మీరే నడపండి.’