బడిగా పుట్టిన మన గుడి

జూబిలీ కమిటీ పెద్దలు మన ఆలయ చరిత్ర రాయమని నాకు అప్పగించారు. గోడకున్న ప్రతిష్ఠ ఫలకం దగ్గర మొదలుపెడితే ఆ చరిత్రలో సగం పోతుంది. ఈ నాలుగు గోడల మధ్య ముందు వినపడింది అక్షరమాల. ద్వారకా తిరుమల చుట్టుపక్కల మెట్ట పల్లెల్లో మన పేట పిల్లలకు పలక చేతికిచ్చిన చోటు ఇదే.

1841లో మిషనరీలు ఫాక్సు, నోబుల్ దొరలు బందరులో దిగారు. 1843లో నోబుల్ గారు అక్కడ ఇంగ్లీషు బడి తెరిచారు. ముందు పెద్ద కులాలవారికి చదువు చెప్పాలన్నది ఆయన పద్ధతి. ఆ బడి బల్లల మీద మన పిల్లలకు చోటు దొరకలేదు. ఆయన్ని మనం గౌరవంగానే తలుచుకుంటాం, అయినా ఆ మాట దాచకూడదు. 1854లో ఏలూరులో మిషను కేంద్రం వెలిసింది. 1859లో రాఘవాపురం మాలపెద్ద పగోలు వెంకయ్య గారు డార్లింగ్ దొరగారి చేత బాప్తిస్మం పొందారు. ఆ తర్వాత పల్లెలు ఒక్కొక్కటే కబురు పంపాయి. అవి అడిగింది ఒక్కటే: మాకో పంతుల్ని పంపండి.

అలా వచ్చిన పంతులే ఉపదేశి కూడా. పగలు గుణింతాలు, చీకటి పడ్డాక ప్రార్థన, ఆదివారం ఆరాధన, అన్నీ ఒకే తాటాకు పాకలో. 1854 నాటి విద్యా విధానం పుణ్యమా అని ఇలాంటి బళ్లకు సర్కారు గ్రాంటు దొరికే వీలు కలిగింది. 1912లో దోర్నకల్ బిషపు అయిన అజరయ్య గారు కూడా ఈ పల్లె పంతుళ్ల మీదే సంఘాల భారం ఉంచారు. పాక పోయి మట్టిగోడలు, ఆపైన పెంకులు వచ్చాయి. 1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘం ఏర్పడింది. మనం కృష్ణా గోదావరి అధ్యక్ష ఖండం కిందికి వచ్చాం. తర్వాత చాలా ఏళ్లు బడీ ఆరాధనా సాగాయి.

నాకు అక్షరాలు దిద్దించిన పెద్ద పంతులు గారి గురించి మాత్రం తొందరగా దాటిపోలేను. ఊడ్పులకు, కోతలకు మనవాళ్లు డెల్టాకు వలస పోతే బడి ఖాళీ అయ్యేది. ఆయన హాజరు పట్టీ మూసి ఊరుకునేవారు కాదు. తిరిగొచ్చిన పిల్లల్ని రాత్రి లాంతరు దగ్గర కూర్చోబెట్టి పోయిన పాఠాలన్నీ మళ్లీ చెప్పేవారు. జీతం నెలలు ఆలస్యమైనా నోరెత్తేవారు కాదు. ఆ ఇంట్లో పొయ్యి వెలిగింది పంతులమ్మ గారు ఇంటింటా పోగుచేసిన పిడికెడు బియ్యంతోనే. ఆ బియ్యంలోంచే ఆకలిగా వచ్చిన పిల్లలకు గంజి కూడా కాచేవారు.

1977 నవంబరు 19, శనివారం. దివిసీమను ఉప్పెన ముంచేసిన రోజు. ఆ గాలి మన మెట్టనూ వదల్లేదు. తెల్లారేసరికి పెంకులన్నీ నేల మీద ఉన్నాయి, దూలం విరిగి పడింది, బీరువాలోని పుస్తకాలు తడిసి ముద్దయ్యాయి. ఆ రోజు ఆదివారం. పంతులు గారు పెంకులు పక్కకు తోయించి, కప్పులేని గోడల మధ్యే ఆరాధన జరిపించారు. సోమవారం అక్కడే పలకలు పట్టించారు. పిల్లలు ఒక్క వారం బడికి దూరమైతే పశువుల వెంట పోతారన్నదే ఆయన భయం.

తిరిగి కట్టినవాళ్లను తలుచుకోవడం మన విధి. తాటి దూలాలిచ్చిన రైతులు, కూలి తీసుకోని తాపీ మేస్త్రీలు, వడ్రంగులు, బండ్లు కట్టి పెంకులు తోలినవారు, నీళ్లు మోసిన ఆడబిడ్డలు, కోత పండుగ కానుకంతా ఇచ్చేసిన స్త్రీల మైత్రి సభ్యులు, ఒక రోజు కూలి రాసిచ్చిన యువకులు, మన మతం కాకపోయినా సున్నం, ఇసుక పంపిన ఊరి పెద్దలు. అందరి పేర్లూ చివరి పుటల్లో ఉన్నాయి, దయచేసి చదవండి.

ఇక మనసులో ఉన్న మాట. బడి మూతపడింది. రిటైరైన పంతుళ్ల చోట కొత్తవారు రాలేదు. అర్జీలు పట్టుకుని తిరిగాం, జవాబు రాలేదు. పిల్లలు పల్చబడ్డారు, చివరికి హాజరు పట్టీ ఆగిపోయింది. అప్పుడు మనమూ తొందరపడ్డాం. నల్లబల్ల ఉన్న గోడకు సిమెంటు పూసి, వేదిక కట్టి, టైల్సు పరిచి ఆలయంగా ప్రతిష్ఠ చేసుకున్నాం. ఆలయం కావడం సంతోషమే. కానీ బడిని కాపాడుకోవడానికి దానిలో సగం ఉత్సాహమైనా చూపలేదన్న బాధ నాకుంది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం, క్రైస్తవులమైనందుకు మనకు షెడ్యూల్డు కులాల హక్కు లేదు. అలాంటి మన పిల్లలకు చేతిలో మిగిలే ఆస్తి చదువొక్కటే.

అందుకే కమిటీకి నా విన్నపం. జూబిలీ కానుకలతో గోపురం ఎత్తు పెంచాలన్న తీర్మానాన్ని కొంత కాలం ఆపండి. వారంలో ఐదు సాయంత్రాలు ఈ ఆలయంలోనే పిల్లలకు చదువు చెప్పించండి. మన పేటలో డిగ్రీలు చదివిన ఆడపిల్లలున్నారు, వాళ్లకు జీతమిచ్చి పెట్టుకోండి. పెద్ద పంతులు గారి పేరిట గోడకు ఫలకం వద్దు, ఆ పని సాగితే చాలు.